కాయిల్‌ను ఊకె బద్నాం చేయకండి

(హనుమకొండలో మెకానిక్‌లు, ఐటీఐ పిల్లల ముందు మాట్లాడిన మాటల రికార్డింగ్ నుంచి టైప్ చేసింది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం.)

అందరికీ నమస్కారం. వెనక వినపడుతుందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు ఇంకొంచెం దగ్గర పెట్టుకుంటా. సరే.

పాత ట్రాక్టర్‌లో కాయిల్, అంటే పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ పుట్టించే డబ్బా, దాని ప్రాబ్లం గురించి మాట్లాడమని పిలిచారు. పిలిచిన తమ్ముణ్ణి అప్పుడే అడిగాను, మన దగ్గర ట్రాక్టర్లన్నీ డీజిల్‌వే కదా, వాటికి కాయిల్ ఎక్కడిది అని. వాడు నవ్వాడు. మీరూ నవ్వుతున్నారు. కానీ మొన్న వానాకాలంలో నర్సంపేట దిక్కు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు, "అన్నా, ట్రాక్టర్ పొద్దున లేస్తలేదు, కాయిల్ పోయిందంటున్నరు, ఎంతైతది" అని. బండి ఏదయ్యా అంటే డీజిల్. ఇంజిన్‌లో గాలి పదహారు, పద్దెనిమిది రెట్లు నొక్కుకుపోతే ఐదొందల డిగ్రీల పైన వేడి పుడుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. స్పార్క్ అక్కర లేదు, కాబట్టి కాయిల్ లేదు. లేని కాయిల్ ఎట్ల పోతుంది? ఆయనది డీజిల్ ఫిల్టర్‌లో గాలి. బ్లీడింగ్ చేస్తే, అంటే ఆ గాలిని బయటికి వదిలేస్తే, లేచింది. అంటే ఏంటి, బండి లేవకపోతే నోటికి మొదట వచ్చే మాట కాయిల్. లేని బండిలో కూడా!

మరి కాయిల్ ఉన్న ట్రాక్టర్ మీరెవరైనా చూశారా? ఒకరు, ఇద్దరు... ఆ మూల పెద్దమనిషి చూశారట. నేను చూసింది ఫెర్గూసన్ టీఈ 20. చిన్నది, బూడిద రంగు. ఇంగ్లండ్‌లో కోవెంట్రీలో 1946 నుంచి 1956 దాకా తయారైంది, మొత్తం ఐదు లక్షలకు పైనే చేశారు. అందులో ఒక రకం పెట్రోల్‌తో లేచి, ఇంజిన్ వేడెక్కాక కిరోసిన్ లాంటి నూనె మీద నడుస్తుంది. ఆపే ముందు మళ్లీ పెట్రోల్‌కు మార్చాలి, లేకపోతే తెల్లారి చల్లటి ఇంజిన్ కిరోసిన్‌తో లేవదు. దానికి సెల్ఫ్ బటన్ ఉండదు, గేర్ రాడ్‌నే S అని రాసి ఉన్న దిక్కుకు నెట్టాలి, అప్పుడే తిరుగుతుంది. గేర్‌లో ఉండగా పొరపాటున స్టార్ట్ చేయడం కుదరదు. ఎంత తెలివైన పనో చూడండి.

ఆ బండి ఎవరిదో చెప్పను గానీ, మా దిక్కు ఊళ్లో ఒక పటేల్ గారి ఇంట్లో కొట్టంలో ఉంది. తాత కాలంలో వచ్చింది, తర్వాత గడ్డి కింద పడుంది. మనవడు హైదరాబాద్‌లో ఉద్యోగం, దసరాకు దాన్ని కడిగి, పూలు కట్టి, ఆయుధపూజకు వాకిట్లో నిలబెట్టాలని పట్టు పట్టాడు. నిలబెడితే సరిపోదు కదా, నడవాలి. పక్క టౌన్ నుంచి ఒక మెకానిక్‌ను పిలిచాడు. ఆయన చూసి కాయిల్ పోయింది అన్నాడు, కొత్తది వేశాడు. నడిచింది, అరగంట తర్వాత ఆగింది. ఇంకోటి వేశాడు, అదీ అరగంటే. మూడోది అంతకంటే ముందే వేడికి పగిలి నూనె కక్కింది. అప్పుడు నాకు ఫోన్. "కాకా, నాలుగో కాయిల్ తెమ్మంటరా?"

తేవద్దని చెప్పి బయల్దేరాను. బండి దగ్గరికి పోయాక నేను మొదట అడిగింది ఏంటో తెలుసా? పాత కాయిల్ ఎక్కడ అని. మొట్టమొదట తీసేసింది. పిల్లాడు వెతికి వెతికి, మేకల పాక గోడ మీది నుంచి తెచ్చిచ్చాడు, మట్టి పట్టి ఉంది. తుడిచి మీటర్ పెట్టాను. 3.2 ఓమ్‌లు, అంటే వైరు కరెంటుకు ఎంత అడ్డు పడుతుందో ఆ కొలత. మీటర్ వైర్లు తనవి తాము 0.2 చూపిస్తున్నాయి, తీసేస్తే 3.0. బంగారం లాంటి కాయిల్. దాన్నే పోయిందని పక్కన పారేశారు.

ఇప్పుడు కొత్తది, కక్కింది కాదు, రెండోది పెట్టి చూశాను. 1.7. వైర్లవి తీస్తే 1.5. ఆ అంకె చూడగానే కథంతా అర్థమైంది. మీకు అర్థమైందా? ఇంకా లేదు, సరే, అది అర్థం కావాలంటే ముందు కాయిల్ ఏం చేస్తుందో చెప్పుకోవాలి. రెండు నిమిషాలు.

కాయిల్ లోపల రెండు చుట్లు. ఒకటి లావు వైరుది, రెండు మూడొందల చుట్లు. ఇంకోటి వెంట్రుకంత సన్నటి వైరుది, ఇరవై వేల చుట్ల దాకా ఉంటుంది. బ్యాటరీ కరెంటు లావు చుట్టులో పోతుంటే ఇనుప ముక్క అయస్కాంతం అవుతుంది. డిస్ట్రిబ్యూటర్‌లో, అంటే ప్లగ్గులకు స్పార్క్ పంచే డబ్బాలో, పాయింట్లని కరెంటును కలిపి తెంపే రెండు ముక్కలుంటాయి, అవి తెరుచుకోగానే ఆ కరెంటు టక్కున తెగుతుంది, అయస్కాంతం కూలిపోతుంది, కూలేటప్పుడు సన్నటి చుట్టులో పదిహేను ఇరవై వేల వోల్టులు పుడతాయి. అదే ప్లగ్గు దగ్గర స్పార్క్. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే, స్పార్క్ వచ్చేది కరెంటు పారుతున్నప్పుడు కాదు, తెగినప్పుడు. ఎంత టక్కున తెగితే అంత మంచి స్పార్క్. టక్కున తెగనీయకపోతే? పాయింట్ల మధ్యనే కరెంటు సాగి మంట అవుతుంది. అలా సాగకుండా చూసేది కండెన్సర్. చిన్న డబ్బా, బొటనవేలంత ఉండదు. మైక్రోఫారడ్‌లో ఐదోవంతు అంత దాని కెపాసిటీ. ఇంత చిన్న డబ్బా పోతే, ఇంత పెద్ద ఇంజిన్ నిలబడుతుంది, నింద మాత్రం కాయిల్ మీద.

ఇప్పుడు 1.5 సంగతి. పన్నెండు వోల్టుల కాయిల్‌లు రెండు రకాలు. ఒకటి 3 ఓమ్‌ల పైన ఉంటుంది, నేరుగా బ్యాటరీకి పెట్టుకోవచ్చు. రెండోది ఒకటిన్నర దగ్గర ఉంటుంది, దానికి బయట రెసిస్టర్, అంటే కరెంటును తగ్గించే ముక్క, ఒకటి కలిపి వాడాలి, దానికి ఏడెనిమిది వోల్టులే అందాలి. పైకి రెండూ ఒక్కలాగే ఉంటాయి, అదే డబ్బా, అదే నలుపు మూత. షాపులో అడిగితే "పన్నెండు వోల్టులదే సార్" అంటారు, అబద్ధం కాదు. కానీ రెసిస్టర్ లేని బండికి రెండో రకం పెడితే పన్నెండును ఒకటిన్నరతో భాగించండి, 8 ఆంపియర్లు. మొదటి రకం తీసుకునేది 4. రెట్టింపు! పాయింట్లు కాలతాయి, కాయిల్ వేడెక్కుతుంది, లోపలి నూనె కాగుతుంది, అరగంటకు బండి ఆగుతుంది. చల్లారాక లేస్తుంది. మళ్లీ అరగంట. ఆ మూడు కాయిల్‌లనూ చంపింది ఈ లెక్కే.

అయితే మొదటి కాయిల్ మంచిదే కదా, మరి బండి మొదట ఎందుకు లేవలేదు? మంచి ప్రశ్న, ముందు వరుసలో ఈ తమ్ముడు అడుగుతున్నాడు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, పాయింట్లు మూసుకున్న చోట ఇంజిన్ ఆపి, కీ ఆన్ చేసి, స్క్రూడ్రైవర్‌తో పాయింట్లను తెరిచి చూశాను. పాయింట్ల మధ్య చిన్న నీలిరంగు మెరుపు రావాలి, కనపడీ కనపడనట్టు. నాకు కనపడింది అగ్గిపుల్ల గీసినట్టు పసుపుపచ్చ మంట. కండెన్సర్ చచ్చిపోయింది. చచ్చిన కండెన్సర్‌తో పాత కాయిల్ స్పార్క్ పల్చగా వచ్చింది, లేవలేదు. కొత్త కాయిల్ రెట్టింపు కరెంటు గుంజుకుంటుంది కాబట్టి ఆ గుంజుడుతో కాసేపు నడిపింది. దానితో మెకానిక్‌కు నమ్మకం కుదిరింది, "చూశారా, కాయిలే" అని. ఆయన్ను తప్పు పట్టడం లేదు. బండి నడిచింది కదా, ఎవరైనా అదే అనుకుంటారు. నేనైనా అనుకునేవాణ్ణేమో, ఆ రోజు నాకు మేకల పాక కాయిల్ కనపడకపోతే.

మేమేం చేశాం? కండెన్సర్ కొత్తది వేశాం, పాయింట్లను సన్నటి గరుకు కాగితంతో రుద్ది, తర్వాత తెల్లటి కాగితం మధ్యలోంచి లాగి తుడిచాం, గ్యాప్ 15 థౌ పెట్టాం, అంటే అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను, మిల్లీమీటర్‌లో 0.4 సుమారు. పాత కాయిల్‌ను మళ్లీ దాని చోట పెట్టాం. గేర్ రాడ్‌ను S దిక్కు నెట్టాడు పిల్లాడు. రెండో తిరుగుడుకే లేచింది. మూడు గంటలు నడిపాం, ఆగలేదు. ఒక్క రూపాయి కాయిల్ ఖర్చు లేదు నా వంతుకు. ఆ ఇంట్లో బూందీ పెట్టారు, నేను తిన్నాను.

ఇక మీ పనికొచ్చే వరుస చెప్తాను. వరుస అంటే నంబర్లు రాసుకోనక్కర లేదు, చెప్తుంటే చేతితో ఊహించుకోండి.

బండి లేవట్లేదు, లేకపోతే నడుస్తూ ఆగింది. మొదట పెట్రోల్ ట్యాంక్ మూత కాస్త వదులు చేయండి. నవ్వకండి, మూత గాలి రంధ్రం మూసుకుపోతే ట్యాంక్‌లో గాలి ఆడదు, నూనె దిగదు, అరగంటకు బండి ఆగుతుంది, కాసేపాగితే లేస్తుంది. లక్షణాలు అచ్చం కాయిల్ పోయినట్టే ఉంటాయి! కాబట్టి వేడికి ఆగే బండి కనపడగానే కాయిల్ అనకండి, మొదట మూత వదులు చేసి చూడండి. ఖర్చు లేదు, ఒక చేతి పని.

తర్వాత కాయిల్‌కు కరెంటు వస్తుందా లేదా. కీ ఆన్ చేసి, టెస్ట్ ల్యాంప్ ఒక కొస ఎర్త్‌కు, అంటే బండి ఇనుముకు, ఇంకో కొస కాయిల్ మీద స్విచ్ వైపు బోల్టుకు. పాత లూకాస్ కంపెనీ కాయిల్ మీద స్విచ్ వైపు SW అని ఉంటుంది, ఇంకో పక్క, పాయింట్ల వైపు, CB. వెలగకపోతే కాయిల్‌ను ముట్టుకోవద్దు, వెనక కీ, ఫ్యూజు, వైరు చూసుకోండి. లేకపోతే బ్యాటరీ నుంచి కాయిల్‌కు ఒక వైరు నేరుగా పెట్టి స్టార్ట్ చేసి చూడండి, లేస్తే కీ దగ్గరే తప్పు. కొట్టంలో పెట్టిన బండి అయితే ఎలుకలు. ఎలుకలు వైరు తోలు తింటాయి, లోపలి రాగి ఎర్రగా కనపడుతుంది. ఒకసారి వేలితో వైరంతా తడమండి, కళ్లకంటే వేలు బాగా పట్టిస్తుంది.

స్విచ్ వైపు వెలిగింది. ఇప్పుడు ఇంకో పక్క, పాయింట్ల వైపు పెట్టి సెల్ఫ్ తిప్పండి. ల్యాంప్ వెలుగుతూ ఆరుతూ ఉండాలి. వెలుగుతూనే ఉంటే పాయింట్లు మూసుకోవడం లేదు, లేకపోతే వాటి మధ్య మురికి. అసలు వెలగకపోతే పాయింట్లు తెరుచుకోవడం లేదు, లేకపోతే కాయిల్ లావు చుట్టు తెగింది, లేకపోతే పాయింట్లకు పోయే చిన్న వైరు ఎర్త్‌కు తగులుతోంది. ఈ ఒక్క ల్యాంప్‌తో సగం రోగాలు తేలతాయి. ముప్పై రూపాయల బల్బు, రెండు మూరల వైరు.

అప్పుడు స్పార్క్. కాయిల్ నడుమ నుంచి వచ్చే లావు వైరును డిస్ట్రిబ్యూటర్ మూత నుంచి తీసి, ఇంజిన్ ఇనుముకు ఆరు మిల్లీమీటర్ల దూరంలో పట్టుకోండి. చేత్తో కాదు! చెక్క క్లిప్పుతో, బట్టలు ఆరేసే క్లిప్పు, ఎండినది. పెట్రోల్ కారుతుంటే ఆ పని అసలు చేయకండి. నీలంగా, టప్ టప్ అని శబ్దం చేస్తూ దూకితే కాయిల్ మంచిది. పసుపుగా, నీరసంగా వస్తే మొదట కండెన్సర్ మార్చి మళ్లీ చూడండి. అప్పటికీ నీరసమే అయితే కాయిల్‌ను అనుమానించొచ్చు. ఇప్పుడు అనుమానించొచ్చు, ఇంతకు ముందు కాదు.

కాయిల్ నుంచి స్పార్క్ బాగా వస్తోంది, ప్లగ్గుల దగ్గర రావట్లేదు. అప్పుడు డిస్ట్రిబ్యూటర్ మూత, దాని కింద తిరుగుతూ స్పార్క్ పంచే రోటర్. వానాకాలం పొద్దున మూత లోపల మంచు పట్టినట్టు తడి ఉంటుంది, పొడి బట్టతో తుడిస్తే చాలు. లోపల పెన్సిల్ గీతలా సన్నటి నల్ల గీత కనపడితే మాత్రం ఆ గీత మీదుగానే స్పార్క్ పారిపోతుంది, మూత మార్చాల్సిందే. రోటర్‌కు కూడా చిన్న పరీక్ష ఉంది. కాయిల్ వైరును రోటర్ నడిమి ఇత్తడి ముక్క మీద మూడు మిల్లీమీటర్ల ఎత్తున పట్టి పాయింట్లు తెరవండి. స్పార్క్ దూకిందంటే రోటర్ లోపల నుంచి షాఫ్ట్‌కు లీకవుతోంది. దూకకపోతే మంచిదే. ఇది చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు చెప్పరు. నాకైతే చెప్పే గురువు దొరికాడు.

ఇక మీటర్ గురించి. కాయిల్ వైర్లు పీకి, రెండు చిన్న బోల్టుల మధ్య 3 నుంచి 4 ఉంటే రెసిస్టర్ లేని రకం. ఒకటిన్నర దగ్గర ఉంటే ఇంకో రకం. నడిమి రంధ్రానికి, చిన్న బోల్టుకు మధ్య ఐదు నుంచి పది వేల ఓమ్‌లు. ఏ బోల్టుకు, బయటి డబ్బాకు మధ్య అసలు రాకూడదు. ఇవన్నీ బాగున్నా కాయిల్ నూటికి నూరు మంచిదని కాదు, ఎందుకంటే మీటర్ దగ్గర తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉంటుంది, లోపల ఇరవై వేల వోల్టులకు తోలు తెగుతుందో లేదో అది చెప్పలేదు. వేడిగా ఉన్నప్పుడు, ఆగిన వెంటనే, అక్కడే రోడ్డు పక్కన కొలిస్తే చల్లగా ఉన్నప్పుడు దొరకనిది దొరుకుతుంది. అది నిజం.

ఇంకో విషయం. పాత ఇంగ్లీషు బండ్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ ఎర్త్. మనకు అలవాటు మైనస్ ఎర్త్. చూడకుండా తిరగేసి బిగిస్తారు. కాయిల్ కొత్తది ప్లస్, మైనస్ గుర్తులున్నది పెడుతుంటే, ప్లస్ ఎర్త్ బండిలో కాయిల్ ప్లస్ పాయింట్ల వైపు, మైనస్ కీ వైపు. తిరగేస్తే బండి నడవకపోదు, కానీ స్పార్క్ నీరసం అవుతుంది, పొద్దున లేవడానికి సతాయిస్తుంది. ఇది రాసుకోండి, మరిచిపోతారు.

నేను కూడా ఒక కాయిల్ చంపాను, చెప్పుకోవాలి కదా. మూడు నాలుగేళ్ల కిందట జీపు ఒకటి, పాయింట్లు మూసుకున్న చోట ఇంజిన్ నిలబడింది, నేను కీ ఆన్‌లో వదిలేసి అన్నానికి పోయాను. గంట తర్వాత వచ్చేసరికి కాయిల్ చేయి పెట్టనివ్వలేదు, కాలిన వాసన. ఇంజిన్ నడవకపోయినా కరెంటు పోతూనే ఉంది మరి, పాయింట్లు మూసే ఉన్నాయి కదా. ఓనర్ అడిగితే "కాయిల్ పోయింది" అని చెప్పాను. అబద్ధం కాదు! చంపింది నేను అని మాత్రం చెప్పలేదు. ఇవాళ చెప్తున్నా.

ఇప్పుడు మీలో చాలామందికి ఆ ఫెర్గూసన్ అక్కర లేదు, నాకు తెలుసు. పత్తికీ మిర్చికీ మందు కొట్టే తైవాన్ పంప్ ఉంటుంది ప్రతి ఇంట్లో. దానికి బ్యాటరీ లేదు, ఫ్లైవీల్, అంటే ఇంజిన్‌తో తిరిగే బరువు చక్రం, దాని మీద అయస్కాంతం తిరుగుతూ కాయిల్ ముందు నుంచి పోతుంటే కరెంటు పుడుతుంది. అది లేవకపోతే కాయిల్ కొనేముందు, ఆపే స్విచ్‌కు పోయే వైరు పీకి చూడండి. ఆపడం అంటే ఏంటి, ఆ వైరును ఎర్త్‌కు తగిలించడమే. స్విచ్‌లో మందు నీళ్లు చేరితే బండి ఎప్పుడూ ఆపినట్టే ఉంటుంది. వైరు పీకితే స్పార్క్ వచ్చిందా, స్విచ్ మార్చండి, అంతే. రాలేదా, కాయిల్‌కు ఫ్లైవీల్‌కు మధ్య గ్యాప్ చూడండి, విజిటింగ్ కార్డు ఒకటి మధ్యలో పెట్టి కాయిల్‌ను అయస్కాంతానికి ఆనించి బోల్టులు బిగించి కార్డు లాగేయండి, 0.3 మిల్లీమీటర్లు వస్తుంది. పెళ్లిపత్రిక పెట్టకండి, అది మందం ఎక్కువ.

టైమ్ అయిందంటున్నారు. ఒక్క పని చేద్దాం. ఈ సంచిలో మూడు కాయిల్‌లు తెచ్చాను, ఒకటి ఆ మేకల పాకది, పిల్లాడు తర్వాత కొత్తది వేయించుకుని దీన్ని నాకిచ్చేశాడు. ఇంకో రెండు చెప్పను. మీటర్ ఇదిగో. ముందు వరుసలో తమ్మీ, నువ్వు రా, మొదట రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలించి చూడు, ఎంత వస్తోంది? 0.3. ఆ, అది గుర్తుపెట్టుకో. ఇప్పుడు కాయిల్‌కు పెట్టు. 1.9 అంటున్నావా? వైర్లవి తీసేశావా? తీసేసి చెప్పు. మరి దీన్ని నీ బండికి నేరుగా పెడతావా, పెట్టవా?